సాగరమను మాట – దాని పుట్టుక, అది పొందిన యర్థములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



నంద్యాల నుండి గాని, ఆళ్లగడ్డ నుండి గాని సముద్రమును చూడగోరువాడు తూర్పున నల్లమలను దాటి, 150 కిలోమీటర్లకు మించిన దూరము పోవలసియుండును. ఈ సీమలో పుట్టి, ఇక్కడి నల్లరేగడి దున్ని, సముద్రపు టల నొక్కమారైనను చూడకయే కన్నుమూసినవారు తరతరములుగా ఎందరో కలరు. సముద్రము వారి యింటికి వచ్చినది ఉప్పు రూపమున మాత్రమే. అడవిలోని యుసిరికాయకును, సముద్రములోని యుప్పునకును పొత్తు కుదిరినట్లని పెద్దలు చెప్పుదురు. ఆ సామెతలోని యుసిరికాయ ఈ కొండలదే. ఉప్పు మాత్రము దూరదేశపుది.

అయినను ఈ సీమవారి నోట సముద్రపు మాట యెంత తరచుగా వినవచ్చును! తిరునాళ్లకు వచ్చిన ప్రజను జూచి జనసముద్రమందురు. పిల్లలతో, పాడితో, పంటతో తీరిక లేని యిల్లాలు సంసారసాగరము నీదుచున్నాననును. వరుసగా రెండేండ్లు వానలు తప్పిన రైతు అప్పుల సముద్రములో మునిగితినని వాపోవును. పెద్ద యక్కరకు చిన్న సాయము చేసిన, అది సముద్రములో కాకిరెట్ట యని నవ్వుదురు. దేవుని కరుణాసముద్రుడని కొలుతురు. పండితుని విద్యాసాగరుడని పొగడుదురు. కంటితో చూడని వస్తువు నోటిలో నింత గట్టిగా నెట్లు నాటుకొన్నది? ఈ మాటలలో తెలుగువారు మిక్కిలిగా వాడునది, మిక్కిలిగా ఆలోచింపనిది ‘సాగరము’. దాని పుట్టుకను, అది యుపమానముగా పొందిన యర్థములను విచారించుట ఈ ప్రసంగమునకు విషయము.

సముద్రమునకు తెలుగున పేళ్లు పెక్కు కలవు. కడలి యనునది దేశ్యపదము. తమిళ కన్నడములలోని ‘కడల్’ దీనికి తోబుట్టువు. మున్నీరు మరియొక దేశ్యపదము. ఏటినీరు, ఊటనీరు, వాననీరు అను మూడును కలిసినది కావున మున్నీరయ్యెనని కొందరు వివరించిరి. నేలకంటె ముందున్న నీరు కావున ఆ పేరు వచ్చెనని మరికొందరు చెప్పిరి. సంస్కృతము నుండి వచ్చిన పదములలో జలధి, వారిధి, అంబుధి అనునవి నీటికి ఆధారమైనదను నర్థము నిచ్చును. రత్నాకరమనగా రత్నములకు గని. సముద్ర శబ్దమునకు యాస్కుడు తన నిరుక్తమున ఒకటికి మించిన వ్యుత్పత్తులు చూపెను. నీళ్లు దానివైపు పరుగెత్తుననియు, ప్రాణులు దానియందు సంతోషించుననియు, అది తడుపుననియు ఆ వ్యుత్పత్తుల సారము.

ఈ పేళ్లన్నియు నీటినిగూర్చియో, నీటిలోనున్న వానినిగూర్చియో చెప్పునవే. మనుష్యుని పనిని జ్ఞప్తికి తెచ్చు పేరు వీనిలో నొక్కటి. అదియే సాగరము.

రఘువంశమున బుట్టినవాడు రాఘవుడైనట్లు, సగరునకు సంబంధించినది సాగరమైనది. సగరుడు ఇక్ష్వాకు వంశపు రాజు, అయోధ్య నేలినవాడు. ఆయన పేరునకును ఒక కథ కలదు. ‘గర’ మనగా విషము. ఆయన తల్లి గర్భవతిగా నున్నప్పుడు సవతి యామెకు విషము పెట్టెననియు, బిడ్డ ఆ విషముతో కూడ పుట్టుటచే సగరుడయ్యెననియు పురాణములు చెప్పును. మహాసముద్రము పేరులో విషము దాగియుండుట వింతయే.

సగరుడు అశ్వమేధము తలపెట్టెను. యజ్ఞాశ్వము మాయమయ్యెను. దానిని వెదకుటకై 60,000 మంది కుమారులు భూమిని త్రవ్వుకొనుచు పోయిరి. త్రవ్విన కొలది నేల యార్తనాదము చేసెననియు, భూమిలోని ప్రాణులు పెక్కు చచ్చెననియు, దేవతలు పోయి బ్రహ్మతో మొరపెట్టుకొనిరనియు రామాయణ బాలకాండము చెప్పును. తుదకు వారు కపిల మహర్షి చెంత గుఱ్ఱమును జూచి, ఆయనయే దొంగ యని పైబడబోయి, భస్మమైపోయిరి. సగరుని మనుమడు అంశుమంతుడు ఆ బూడిదను చూచెను గాని, తర్పణము విడుచుటకు నీరు దొరకలేదు. అంశుమంతుడు, అతని కుమారుడు దిలీపుడు గంగను తేజాలకయే గతించిరి. దిలీపుని కుమారుడు భగీరథుడు తపము చేసి గంగను దింపెను. ఆమె భగీరథుని రథము వెంట వచ్చి, సగరపుత్రులు త్రవ్విన చోటికి చేరెను. అందువలన సముద్రమునకు సాగరమను పేరు కలిగెనని పౌరాణికుల మాట.

ఇది పురాణకథ. చరిత్రకారుడు దీనిని జరిగిన సంగతిగా గ్రహింపడు. భాషాశాస్త్రజ్ఞుడు పదము ముందో, కథ ముందో యని ప్రశ్నింపవచ్చును. కాని యొక మాటను ఒక జాతి యే భావముతో పలికినదో తెలియుటకు ఆ జాతి చెప్పుకొన్న కథకు మించిన సాక్ష్యము లేదు. ఆ కథ ప్రకారము సాగరము తనంతట తానేర్పడినది కాదు, త్రవ్వబడినది. త్రవ్వినవారు నీటిని చూడలేదు. నీటిని తెచ్చినవాడు త్రవ్వలేదు. ఆ రెండు పనులకు నడుమ తరములు గడచెను. త్రవ్వకమువలన కొన్ని ప్రాణులకు హాని కలిగెను. ఈ సంగతులు నాలుగును మనసున నుంచుకొనిన, ఈ పదము పొందిన యర్థములు తేటపడును.

ఉపమానముగా సాగర శబ్దము ముఖ్యముగా మూడు తెరగుల వాడుకలో నున్నది.

మొదటిది, దాటవలసినది. సంసారసాగరము, భవసాగరము, దుఃఖసాగరము అనునప్పుడు సాగరమనగా దరి కానరానిది, మనిషిని ముంచునది. ఆళ్లగడ్డ సీమవారికి ఈ యర్థము అహోబిలపు కొండలలో నిత్యము వినబడునదే. విష్ణుపురాణములో హిరణ్యకశిపుడు ప్రహ్లాదుని నాగపాశములతో కట్టించి, సముద్రములో త్రోయించి, పైన కొండలు వేయించెను. ఆ బాలుడు మునిగిపోలేదు. ఆ ప్రహ్లాదుని కాచిన నరసింహస్వామి క్షేత్రమునకు పోవు భక్తుడు భవసాగరమును దాటింపుమని వేడుట సహజము. ఎగువ అహోబిలమున పారు వాగునకు భవనాశి యని పేరు. సముద్రము లేని చోట, సముద్రమువంటి భవమును నశింపజేయునని ఒక కొండవాగునకు పేరు పెట్టుట గమనింపదగినది. ఓడ నెరుగని జనులు దరి, తీరము, తెప్ప, నావ అను మాటలతో మోక్షమును గూర్చి చెప్పుకొనిరి. కుందూనది వరదవేళ ఆవలి గట్టున చిక్కుకొన్న వానికి దరి యను మాటకు వివరణ మక్కరలేదు.

రెండవది, తరుగనిది. దయాసాగరుడు, గుణసాగరుడు, విద్యాసాగరుడు అనునప్పుడు ముంచు గుణము తొలగి, తరుగని గుణము నిలిచినది. నంద్యాల సీమవారికి తరుగని నీరనగా మహానంది కోనేరు. కొండ పాదమున నుబికిన యూట కోనేళ్లను నింపి, బయటికి పారి, చుట్టునున్న పొలములను తడుపుచున్నది. అడుగున పడిన నాణెము కూడ కనబడునంతటి తేట నీరది.

మనుష్యులలోను అట్టివారిని ఈ సీమ కన్నది. ఆళ్లగడ్డకు సమీపమున నున్న ఉయ్యాలవాడలోని బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరువులో వేలాది యన్నార్తుల ప్రాణములు నిలిపిన దాతగా ప్రసిద్ధుడు. అట్టివానిని దయాసాగరుడనుట తగును. అయితే ఒక్క సంగతి. ఏ గాదెయు అక్షయము కాదు. ప్రతి గాదెకును అడుగు కలదు. దాతను సాగరుడనిపించునది ధాన్యపు రాశి కాదు. తరుగుచున్నదని తెలిసియు తలుపు మూయని పూనిక. కనుక తరుగనిదను నర్థములో సైతము మనుష్య ప్రయత్నము దాగియేయున్నది.

మూడవది, త్రవ్వినది. ఇదియే కథకు మిక్కిలి దగ్గరైన యర్థము, నేడు మిక్కిలి మరుగుపడిన యర్థము. తెలుగు కన్నడ దేశముల రాజులు చెరువులకు సాగరమనియు, సముద్రమనియు పేళ్లు పెట్టిరి. చదువుకొన్నవారు దీనిని అతిశయోక్తి యందురు. రాజును ఇంద్రుడన్నట్లు, చెరువును సముద్రమనిరని వారి భావము. కాని సాగరమనగా త్రవ్విన జలాశయమని యెరిగినవానికి ఇందు అతిశయోక్తి లేదు. సగరుని కథలో సముద్రమే యొక చెరువు: మనుష్యులు త్రవ్విరి, దూరపు నది వచ్చి నింపెను. అందుచే సముద్రము పేరును చెరువు అరువు తెచ్చుకొన్నదనుట కంటె, చెరువు పనివారి పేరును సముద్రము ధరించినదనుట సమంజసము.

దీనికి బలమైన సాక్ష్యము తెలుగునాట సజీవముగా నున్నది. మట్టిపని, చెరువుల త్రవ్వకము తమ కులవృత్తిగా గల ఉప్పరవారు తాము సగర చక్రవర్తి సంతతివారమని చెప్పుకొందురు. సగరులని తమ్ము పిలుచుకొందురు. ఉప్పర యను పేరులో ఉప్పు కలదు. పూర్వము చవిటి మట్టి నుండి ఉప్పు తీయుట కూడ వారి వృత్తియై యుండెను. ఉప్పును, త్రవ్వకమును ఒక్క కులమువారి చేతిలో కలియుట చిత్రము. వారితోపాటు రాతిపని చేసిన ఒడ్డెరలును కలరు. ఈ సీమలోని చెరువుకట్టల మీద రాజుల పేళ్లు శాసనములందు నిలిచినవి. పార పట్టినవారి పేళ్లు శాసనములందు లేవు గాని, సాగరమను మాటలోనే నిలిచియున్నవి.

ఆళ్లగడ్డ నుండి తూర్పుగా నల్లమల కావల, కడప సీమలో పోరుమామిళ్ల యను నూరు కలదు. అచటి చెరువునకు శాసనములోని పేరు అనంతరాజసాగరము. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు దానిని కట్టించెను. శాసనము శక సంవత్సరము 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. కట్టకును చెరువునకును ప్రతిదినము 1,000 మంది కూలీలు పనిచేసిరనియు, రాతికట్టడమునకు 100 బండ్లు నడచెననియు, పని ముగియుటకు రెండేండ్లు పట్టెననియు అందు చెప్పబడినది. కట్ట పొడవు 5,000 రేఖాదండములు, వెడల్పు 8, ఎత్తు 7 అని కొలతలును కలవు.

ఆ శాసనములో నింతకంటె విలువైన భాగమొకటి కలదు. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, చెరువునకు రాదగని ఆరు దోషములను అది వరుసగా చెప్పినది. ధర్మపరుడును, ధనవంతుడును, కీర్తికాముడును అగు రాజు; జలశాస్త్రము తెలిసిన పండితుడు; గట్టి బంకమట్టి నేల; దూరము నుండి తియ్యని నీరు తెచ్చు నది; తోడుగా నిలుచు కొండ; ఆ కొండల సందున దృఢమైన, మిక్కిలి పొడవు కాని రాతికట్ట; పంటపొలమునకు ఎడముగా తిరిగిన కట్ట కొనలు; లోతును వైశాల్యమును గల గర్భము; పొడవైన చక్కని రాళ్లున్న గని; దగ్గరలో సమతలమైన సారవంతపు పొలములు; వడిగా సుడులు తిరుగు నీరు పారు తూము; పనిలో నేర్పరులైన జనులు. ఈ పండ్రెండింటిలో మొదటిది రాజు, చివరిది పనివారు. రాజుతో మొదలై పనివారితో ముగియు ఈ వరుసలో సాగరమను మాట పూర్తిగా ఇమిడియున్నది.

ఆరు దోషములు ఏవనగా – కట్ట నుండి నీరు కారుట, చవిటి నేల, రెండు రాజ్యముల యెల్లపై నుండుట, గర్భము నడుమ తాబేటి వీపువలె మిట్ట యుండుట, నీరు తక్కువై పొలము ఎక్కువగుట, నీరు ఎక్కువై పొలము తక్కువగుట. రెండు రాజ్యముల యెల్లపై చెరువు దోషమని 1369లో చెప్పినవారికి జలవివాదముల సంగతి బాగుగ తెలిసియే యుండవలెను.

ఇట్టి పేళ్లు మరియు కలవు. అనంతపురమునకు చేరువనున్న బుక్కరాయసముద్రము బుక్కరాయల పేర వెలసినదనియు, అదే చెరువునకు రెండవ కొనయందలి అనంతసాగరము నుండి అనంతపురము పేరు వచ్చెననియు ప్రతీతి. హైదరాబాదులోని హుస్సేన్ సాగరము కుతుబ్ షాహీల నాటిది. మంజీర మీది నిజాంసాగరము 1931 నాటికి పూర్తియైనది. కృష్ణ మీది నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగెను, 1967లో కాలువలకు నీరు విడువబడెను. రాజులు మారిరి, మతములు మారెను, ప్రభుత్వములు మారెను. సాగరమను మాట మారలేదు.

ఇక నంద్యాల సీమకు దగ్గరి సాగరమును గూర్చి చెప్పవలెను. శ్రీశైలము వద్ద కృష్ణానదికి 1963లో జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట 1981లో పూర్తియైనది. ఆ జలాశయమునకు నీలం సంజీవరెడ్డి సాగరమని పేరు. పోతిరెడ్డిపాడు తూముల గుండ వెడలిన నీరు బనకచెర్ల చేరి, అచట పాయలుగా చీలి, ఒకవైపు శ్రీశైలము కుడిగట్టు కాలువకును, మరియొకవైపు వెలుగోడు జలాశయము మీదుగా తెలుగుగంగకును పోవుచున్నది. తెలుగుగంగ ఆళ్లగడ్డ సీమ పొలముల నానుకొని దక్షిణముగా సాగి, బ్రహ్మంసాగరమును నింపి, సోమశిల, కండలేరు గడచి మద్రాసు నగరమువారి దాహము తీర్చుటకు పోవును. అంతకు పూర్వము, 19వ శతాబ్దమున, సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి కర్నూలు–కడప కాలువను త్రవ్వి, ఒక కంపెనీ నష్టపడగా, 1882లో ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొన్నది. అందును ఒకరు త్రవ్వగా మరియొకరి కాలమున నీరు ఫలించెను. భగీరథుని పేరు ఊరక నిలువలేదు.

అయితే సగరుని కథలో భూమి చేసిన ఆర్తనాదమును విడిచి, గంగావతరణమును మాత్రము చెప్పుకొనుట న్యాయము కాదు. శ్రీశైలపు సాగరము నిండినప్పుడు కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో కృష్ణా తుంగభద్రల తీరమునున్న అనేక గ్రామములు మునిగిపోయెను. ఇండ్లు, దొడ్లు, గుళ్లు, సమాధులు నీటి క్రిందికి పోయెను. ఏడు నదుల సంగమేశ్వరాలయము ఏటేట మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు తేలును. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విడదీసి అలంపురములో మరల నిలిపిరి. గుడికి ఆ భాగ్యము కలిగెను గాని, ఊరిని రాయి రాయి విడదీసి తెచ్చి నిలుపుట యెవరికిని సాధ్యము కాలేదు. నంద్యాల, ఆళ్లగడ్డల పొలములో కాలువ నీరు పారునప్పుడు, ఆ నీటి క్రింద తమ యూరి నుంచి వచ్చినవారు కలరని పారుబడి రైతు మరువరాదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లా యైనది. త్రవ్వినవారిని, కోల్పోయినవారిని కూడ తలచుకొని పలికినప్పుడే సాగరమను మాట సత్యమగును.

మరియొక కర్తవ్యమును ఈ మాట గుర్తుచేయును. సాగరమని పేరు పెట్టినంత మాత్రమున చెరువు సాగరముగా నిలువదు. ఏటేట వాన తెచ్చిన ఒండ్రు గర్భమున పేరుకొనును. పూడిక తీయనిచో శాసనము చెప్పిన తాబేటి వీపు తానే పుట్టును. అందుకే పూర్వులు చెరువు కట్టుటతో పని ముగిసినదనుకొనలేదు. చెరువు బాగుచేయువారికి దశబంధ మాన్యము లిచ్చిరి. తూము విప్పుటకు, మూయుటకు నీరుగంటిని ఏర్పరచిరి. ఆయకట్టు రైతులందరు వంతుల ప్రకారము వచ్చి కాలువలు బాగుచేయు ఆచారము కుడిమరామతు అనబడెను. ఆచారము సడలిన పిమ్మట, కట్టకు గండిపడినప్పుడు గ్రామస్థులను పనికి రప్పించుటకై మద్రాసు ప్రభుత్వము 1858లో చట్టమే చేయవలసివచ్చెను. తెలుగునాట పేరు చివర సముద్రమున్న గ్రామములు ఎన్నో కలవు. కొన్నింట చెరువు మెరక పొలమై, మాట మాత్రము మిగిలినది. చూచువాడు ఈ యూరికి సముద్రమను పేరేల యని ఆశ్చర్యపడును.

ఇంతవరకు చెరువును గూర్చి చెప్పుటకు, గ్రంథాలయ రజతోత్సవమునకు పొత్తెక్కడ యని ఎవరైన నడుగవచ్చును. ఆ పొత్తును పూర్వులే కలిపిరి. మనుష్యుడు గతించిన వెనుక అతని పేరు నిలుపు సప్తసంతానములలో తటాకము, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము, ప్రబంధము, పుత్రుడు అనునవి లెక్కింపబడినవి. చెరువును, పుస్తకమును ఒకే వరుసలో కూర్చుండబెట్టిన వారి చూపు గొప్పది. రెండును ఒక తరము కూడబెట్టి మరియొక తరమునకు విడుచునవే.

గ్రంథాలయమును విజ్ఞానసాగరమనుట సభలలో పరిపాటి. ఏ యర్థమున అట్లనవలెను? దాటవలసినదను నర్థము కుదరదు. పుస్తకములు మనిషిని ముంచుటకు లేవు. తరుగనిదను నర్థమును కుదరదు. పల్లెటూరి బీరువాలోని పుస్తకములు లెక్కకు వచ్చునవే, చెదపురుగునకు లోబడునవే. త్రవ్వినదను నర్థమొక్కటే దానికి సరిపడును. ఇంటింటికి పోయి పాత పుస్తకములు అడిగి తెచ్చినవారు, తమ యింటి వసారాను గదిగా నిచ్చినవారు, సాయంకాలము లాంతరు వెలిగించి వార్తాపత్రిక చదివి వినిపించినవారు – తెలుగుదేశమున గ్రామ గ్రంథాలయములను త్రవ్వినవారు వీరు.

తెలుగునాట ఆ త్రవ్వకము శతాబ్దికి మించినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను; అయ్యంకి వెంకటరమణయ్య దానికి జీవగఱ్ఱ. 1935లో పాతూరి నాగభూషణము పూనికతో కృష్ణాడెల్టా కాలువలో పడవమీద గ్రంథాలయము నడచెను. పైరులకు నీరు తెచ్చిన కాలువయే పల్లెలకు పుస్తకములను మోసెను. 1948లో మద్రాసు రాష్ట్రమునందును, 1960లో ఆంధ్రప్రదేశమునందును పౌర గ్రంథాలయ చట్టములు వచ్చి, ఇంటిపన్నుపై గ్రంథాలయ పన్ను విధించుట జరిగెను. దానితో ప్రతి గృహస్థుడును ఈ చెరువునకు ఆయకట్టుదారు అయ్యెను. ఆయకట్టుదారునకు నీటిపై హక్కు ఎంతయో, పూడిక తీయు బాధ్యతయు నంతయే.

పోరుమామిళ్ల శాసనము చెప్పిన ఆరు దోషములలో తుది రెండును గ్రంథాలయమునకు సరిగా వర్తించును. చదువగోరు పిల్లలు పెక్కండ్రుండి, పుస్తకములు చాలకుండుట నీరు తక్కువైన దోషము. పుస్తకములు నిండుగా నుండి, చదువువారు లేకుండుట పొలము తక్కువైన దోషము. మొదటి దోషము చందాతో తీరును. రెండవ దానిని తీర్చుట కష్టము. నేడు చేతిలోని ఫోనులో లోకమంతయు కనబడుచుండగా, బీరువా తలుపు తీయువాడు అరుదైనాడు. కాని ఫోనులో కనబడునది వరద. వరద వచ్చును, పోవును. నిలిపి, తేర్చి, తూము ద్వారా కావలసిన చేనికి కావలసినంత విడుచునది చెరువు. గ్రామములోని విద్యార్థికి, రైతునకు, గృహిణికి, వారి వారి యక్కరకు తగిన పుస్తకము నెరిగి చేతికిచ్చు గ్రంథపాలకుడు ఈ చెరువునకు నీరుగంటి. ఆయన లేనిచో నీరున్నను పొలము తడవదు.

ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రంథాలయమునకు చిన్న వయస్సు కాదు. సాగరమునకు పెద్ద వయస్సును కాదు. త్రవ్విన తరమువారిలో కొందరు ఈ సభయందున్నారు. కొందరు ఈ దినమును చూడకయే పోయిరి. సగరపుత్రులకు తర్పణజలము తెచ్చినది వారి కొడుకులు కాదు, మనుమలు కాదు. ఆ తరువాతి తరమువాడు. అందుచే ఫలము కనబడలేదని త్రవ్వినవారు చింతింపవలసిన పని లేదు. తామేమి తెచ్చి నింపవలెనో యని తరువాతివారు మాత్రము చింతింపవలెను. వచ్చు సంవత్సరమున ఇంటికొక పుస్తకము చేర్చినను, ఇంటి నుండి ఒక్క బిడ్డను చదువరిగా పంపినను, చినిగిన పుస్తకములకు అట్టలు కట్టి బీరువాల దుమ్ము దులిపినను, అదియే ఈ చెరువునకు కుడిమరామతు. ఆ పని యేటేట జరిగినంత కాలము, సముద్రము కనబడని ఈ నల్లమల పడమటి సీమలో సాగరమను మాట ఉత్త పేరుగా మిగులక నిలుచును.

స్వస్తి.